సామాన్యుడి చేతికి అందిన కౌబాయ్ రివాల్వర్

1885 జూలై 24న అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం, డాడ్జ్ సిటీ నుంచి కోల్ట్ కంపెనీకి ఒక ఉత్తరం వెళ్ళింది. రాసినవాడు బ్యాట్ మాస్టర్‌సన్. ఒకప్పుడు ఆ ప్రాంతానికి షెరీఫ్, పేరున్న జూదరి, చివరి రోజుల్లో న్యూయార్క్ పత్రికలో శీర్షిక నడిపిన రచయిత. ఒపేరా హౌస్ సెలూన్ పేరు అచ్చేసిన కాగితం మీద తనకు కావలసిన రివాల్వర్ ఎలా ఉండాలో ఆయన వివరంగా రాశాడు. .45 కాలిబర్ కావాలి. నికెల్ పూత ఉండాలి. గొట్టం పొట్టిగా, ఖాళీ డొప్పల్ని బయటికి నెట్టే కడ్డీ ఎంత పొడవుంటే అంతే ఉండాలి. ట్రిగ్గర్ తేలిగ్గా పడాలి. గొట్టం కొసన గురి చూసుకునే పలక మామూలు కన్నా కాస్త ఎత్తుగా, కాస్త మందంగా ఉండాలి.

ఇందులో నికెల్ పూత ఒక్కటే షోకు. మిగిలినవన్నీ పనికొచ్చే మార్పులే. పొట్టి గొట్టం ఒరలోంచి త్వరగా బయటికొస్తుంది. మందపాటి పలక మసక వెలుతురులోనూ కనబడుతుంది. ట్రిగ్గర్ తేలిగ్గా పడితే గురి చెదరదు. ఈ రోజుకీ అమెరికాలో చవక రివాల్వర్ ఒకటి కొనుక్కుని, దాన్ని తన చేతికి తగ్గట్టు మార్చుకోవాలనుకునేవాడు అడిగేవి దాదాపు ఇవే. నూటనలభై ఏళ్ళలో మారింది ధర. ఆ ధర ఎలా దిగింది, దిగే దారిలో ఏం జరిగింది అన్నదే అసలు కథ.

మాస్టర్‌సన్ అడిగింది సింగిల్ యాక్షన్ రివాల్వర్. సింగిల్ యాక్షన్ అంటే ట్రిగ్గర్ ఒక్క పనే చేస్తుంది, పైకి లేచి ఉన్న హ్యామర్‌ను వదిలేస్తుంది. హ్యామర్‌ను వెనక్కి లాగాల్సింది బొటనవేలు. అలా లాగినప్పుడే సిలిండర్ ఒక గది మేర తిరిగి, కొత్త తూటా గొట్టానికి ఎదురుగా వస్తుంది. ప్రతి దెబ్బకీ మళ్ళీ బొటనవేలితో లాగాల్సిందే. తర్వాత వచ్చిన డబుల్ యాక్షన్ రివాల్వర్లలో ట్రిగ్గర్ నొక్కితే చాలు, రెండు పనులూ అయిపోతాయి. పోరాటంలో అది మేలు. పోలీసులూ సైన్యాలూ అటే వెళ్ళిపోయాయి. అయినా పాత పద్ధతి చావలేదు.

దీనికి మూలపురుషుడు శామ్యూల్ కోల్ట్. 1814లో కనెక్టికట్ రాష్ట్రం, హార్ట్‌ఫర్డ్‌లో పుట్టాడు. 1830లో, ఇంకా పదహారేళ్ళ కుర్రాడుగా ఉండగా, బోస్టన్ నుంచి కలకత్తా వెళ్ళే ‘కోర్వో’ అనే ఓడలో నావికుడిగా చేరాడు. ఆ ప్రయాణంలోనే తిరిగే సిలిండర్ నమూనాను కొయ్యతో చెక్కాడని అతని జీవితచరిత్రలు చెబుతాయి. ఊరికి తిరిగొచ్చాక నమూనా తుపాకీ చేయించడానికి డబ్బుల్లేక ‘డాక్టర్ కౌల్ట్’ అని పేరు పెట్టుకుని ఊరూరా తిరిగాడు. జనానికి నవ్వు పుట్టించే వాయువు పీల్పించి, టికెట్ల డబ్బు కూడబెట్టాడు. 1836లో అమెరికా పేటెంట్ వచ్చింది. న్యూజెర్సీలోని ప్యాటర్సన్‌లో పెట్టిన తొలి ఫ్యాక్టరీ 1842కల్లా మూతబడింది. మెక్సికో యుద్ధ కాలంలో కెప్టెన్ శామ్యూల్ వాకర్ పట్టుబట్టి ఇప్పించిన వెయ్యి రివాల్వర్ల ఆర్డరే కోల్ట్‌ను మళ్ళీ నిలబెట్టింది. అప్పటికి సొంత ఫ్యాక్టరీ లేక వాటిని ఎలై విట్నీ జూనియర్ కర్మాగారంలో చేయించాడు.

1862లో కోల్ట్ చనిపోయాడు. ఇప్పుడు లోకమంతా ‘కోల్ట్’ అనగానే తలచుకునే రివాల్వర్ అప్పటికి పుట్టనేలేదు. అందుకు కారణం ఒక పేటెంట్. సిలిండర్ గదిని వెనక నుంచి ముందుదాకా తొలిచి, లోహపు తూటాను వెనక నుంచి పెట్టే హక్కు రోలిన్ వైట్ అనే అతని చేతిలో ఉండేది. అతను దాన్ని స్మిత్ అండ్ వెసన్ కంపెనీకి ఇచ్చాడు. ఒక్కో రివాల్వర్ మీద అతనికి 25 సెంట్లు ముట్టేవి. 1869లో ఆ గడువు తీరాకే కోల్ట్ కంపెనీకి దారి దొరికింది. విలియం మేసన్, చార్లెస్ రిచర్డ్స్ రూపం దిద్దిన కొత్త రివాల్వర్‌ను 1873లో అమెరికా సైన్యం ఎంచుకుంది. అదే సింగిల్ యాక్షన్ ఆర్మీ. తొలి ఆర్డర్ 8,000.

దాని హ్యామర్‌ను మెల్లగా లాగితే నాలుగు చప్పుళ్ళు వినిపిస్తాయి. కోల్ట్ పేరులోని నాలుగు ఇంగ్లీషు అక్షరాలనూ ఒక్కో చప్పుడుకు ఒకటి చొప్పున పలికి మురిసిపోయే అభిమానులు ఇప్పటికీ ఉన్నారు. మొదటి చప్పుడు దగ్గర ఉన్నది ‘సేఫ్టీ’ గాడి. రెండోది సగం లేచిన స్థితి. అప్పుడే సిలిండర్ చేత్తో తిప్పడానికి వదులవుతుంది, పక్కనున్న చిన్న తలుపు తీసి తూటాలు ఒక్కొక్కటే పెట్టుకోవచ్చు. తర్వాత సిలిండర్‌ను పట్టి ఉంచే మేకు మీదికి లేస్తుంది. చివరి చప్పుడుతో హ్యామర్ పూర్తిగా నిలబడుతుంది.

చిక్కంతా ఆ మొదటి గాడితోనే. సేఫ్టీ అన్న పేరే గానీ అది సన్నటి ఉక్కు పంటి అంచు మీద ఆగుతుంది. హ్యామర్ మీద బరువైనది పడినా, రివాల్వరే నేలకు జారినా ఆ పన్ను విరగొచ్చు. హ్యామర్ కొసనున్న సూది తిన్నగా తూటా మీదికి దిగుతుంది. జీనుకు వేలాడే రికాబు ఊగి వచ్చి హ్యామర్‌కు తగలడం, ఒరలోంచి రివాల్వర్ జారడం పశువుల కాపరి బతుకులో రోజూ జరిగేవే. అందుకే ఆరు గదుల రివాల్వర్‌లో ఐదే తూటాలు నింపేవారు. ఒకటి పెట్టి, ఒక గది వదిలి, తర్వాత వరసగా నాలుగు పెట్టి, హ్యామర్‌ను పూర్తిగా లాగి మెల్లగా దించితే అది సరిగ్గా ఖాళీ గది మీద కూర్చుంటుంది. పాత కోల్ట్‌కూ, దాని అచ్చమైన నకళ్ళకూ ఈ లెక్క ఈనాటికీ తప్పదు.

చవక తుపాకీలు ఆ రోజుల్లోనూ ఉండేవి. బెల్జియంలోని లియేజ్ నుంచీ స్పెయిన్‌లోని ఐబార్ నుంచీ కోల్ట్ నకళ్ళు వచ్చేవి, ఉక్కు నాణ్యతలో ఒకదానికీ మరొకదానికీ పొంతన ఉండేది కాదు. మసాచుసెట్స్ రాష్ట్రం, ఫిచ్‌బర్గ్‌లోని ఐవర్ జాన్సన్ లాంటి కంపెనీలు జేబులో పట్టే చిన్న రివాల్వర్లు కొద్ది డాలర్లకే అమ్మేవి. పేరున్న తుపాకీల గురించి రాసేవారు ఈ చవక సరుకును పట్టించుకోరు. అది అన్యాయం. హ్యామర్ మీద సుత్తితో కొట్టినా తూటా పేలదని ఐవర్ జాన్సన్ 20వ శతాబ్దం తొలి ఏళ్ళలోనే ప్రకటనలు వేసింది. నిజంగానే పేలదు. ఆ రివాల్వర్‌లో హ్యామర్ సూదికి తగలదు. రెండింటి మధ్యకు ఒక చిన్న ఉక్కు పలక లేస్తేనే దెబ్బ సూదికి చేరుతుంది. ట్రిగ్గర్‌ను పూర్తిగా నొక్కితే తప్ప ఆ పలక లేవదు. ట్రాన్స్‌ఫర్ బార్ అంటే ఇదే. ఖరీదైన కోల్ట్‌లో లేని భద్రత పేదవాడి జేబు తుపాకీలో ఉంది.

1873 నుంచి రెండో ప్రపంచ యుద్ధం దాకా కోల్ట్ సుమారు 3,57,000 సింగిల్ యాక్షన్ ఆర్మీలు చేసింది. ఆ రోజుల్లో పశువుల కాపరి నెల జీతం 25 నుంచి 40 డాలర్లు. కోల్ట్ కొనాలంటే అందులో సగం దాకా పోయేది. అయినా కొన్నారు, తమకు తగ్గట్టు మార్చుకున్నారు. ఉన్నవాళ్ళు అలంకరించుకున్నారు. 1916లో టెక్సస్‌లోని ఎల్ పాసోలో లెఫ్టినెంట్ జార్జ్ ప్యాటన్ చెక్కడపు పనితో, దంతపు పిడితో ఒక కోల్ట్‌ను 50 డాలర్లకు కొన్నాడు. రెండో ప్రపంచ యుద్ధంలో జనరల్‌గా ఆయన ఫొటోల్లో చాలావాటిలో నడుముకు కనిపించే రివాల్వర్ అదే.

లేనివాళ్ళ మార్పులు వేరు. ఎల్మర్ కీత్ ఆరెగాన్, ఐడహో కొండల్లో పశువుల పెంపకంతో, వేటతో బతికినవాడు. 1920లలో బలమైన మందు దట్టించిన తూటాతో .45 కోల్ట్ అతని చేతిలోనే పగిలింది. దాంతో సిలిండర్ గోడలు మందంగా మిగిలే .44 స్పెషల్ తూటాకు మారాడు. హెరాల్డ్ క్రాఫ్ట్ అనే మిత్రుడి ఆలోచనలూ తన అనుభవమూ కలిపి, కొందరు చేయితిరిగిన గన్‌స్మిత్‌లతో ఒక రివాల్వర్ చేయించుకున్నాడు. ఫ్రేమ్ పైభాగం చదును చేసి, అటూ ఇటూ సవరించుకోగల వెనక సైట్ పెట్టించాడు. పిడి వెనకభాగాన్ని కోల్ట్ బిస్లీ మోడల్ నుంచి తెచ్చి అతికించారు. సిలిండర్ ఇరుసు కడ్డీ సులభంగా ఊడని విధంగా బిగించారు. ‘నంబర్ 5’ అని దానికి పేరు. 1929లో ‘అమెరికన్ రైఫిల్‌మన్’ పత్రికలో దాని గురించి రాశాడు. అంత పని చేయించుకోవడం అప్పట్లో చాలామందికి అందని మాట.

రెండో ప్రపంచ యుద్ధం రాగానే కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ తయారీ ఆపేసింది. యుద్ధం ముగిశాక కూడా మొదలుపెట్టే ఉద్దేశం చూపలేదు. యంత్రాలు పాతబడ్డాయి, మోడల్ కూడా పాతదే అనుకున్నారు. కానీ ఇళ్ళలోకి టీవీ వచ్చింది, టీవీలోకి కౌబాయ్‌లు వచ్చారు. పిల్లలూ పెద్దలూ ఆ పాత రివాల్వర్‌నే అడుగుతుంటే అమ్మేవాడు లేడు.

ఆ ఖాళీని పూరించినవాడు విలియం రూగర్. 1949లో అలెగ్జాండర్ స్టర్మ్ పెట్టిన 50,000 డాలర్ల పెట్టుబడితో కనెక్టికట్‌లోని సౌత్‌పోర్ట్‌లో కంపెనీ మొదలైంది. 1951లో స్టర్మ్ చిన్న వయసులోనే చనిపోయాడు. 1953లో రూగర్ .22 తూటా వాడే ‘సింగిల్ సిక్స్’ తెచ్చాడు. చూడ్డానికి పాత కోల్టే, లోపల వేరు. కోల్ట్‌లోని బల్లపరుపు స్ప్రింగులు తరచూ విరిగేవి. రూగర్ వాటి బదులు చుట్ట స్ప్రింగులు వేశాడు, అవి అంత తేలిగ్గా విరగవు. ఫ్రేమ్‌ను ఉక్కు దిమ్మలోంచి చెక్కకుండా పోత పోయించాడు.

ధర దిగింది ఈ పోత దగ్గరే. మన శిల్పులు పంచలోహ విగ్రహాలకు తరతరాలుగా వాడే మైనపు అచ్చు పద్ధతే ఇది. మైనంతో రూపం చేసి, దాని మీద మట్టి పూతలు పూసి, వేడి చేస్తే మైనం కరిగి బయటికి పోతుంది, ఆ ఖాళీలో లోహం పోస్తారు. రూగర్ ఫ్రేములకు పోసింది గట్టి క్రోమ్ మాలిబ్డినం ఉక్కు. అచ్చులోంచి వచ్చిన ఫ్రేమ్ దాదాపు తుదిరూపంలోనే ఉంటుంది, యంత్రం మీద చెక్కే పని చాలా తగ్గుతుంది. పోత పోసిన భాగం గట్టిగా ఉండదన్న అపనమ్మకం అప్పట్లో బలంగా ఉండేది. రూగర్ ఫ్రేములు దాన్ని తుడిచిపెట్టాయి. 1963లో కంపెనీ న్యూహ్యాంప్‌షైర్‌లోని న్యూపోర్ట్‌లో పైన్ ట్రీ క్యాస్టింగ్స్ పేరుతో సొంత పోత కర్మాగారమే పెట్టుకుంది.

1955లో వచ్చిన ‘బ్లాక్‌హాక్’ను చూస్తే కీత్ రివాల్వర్ గుర్తుకొస్తుంది. చదునైన పైభాగం, సవరించుకునే వెనక సైట్, .357 మాగ్నమ్ ఒత్తిడిని తట్టుకునే ఫ్రేమ్. ధర 87.50 డాలర్లు. మరుసటి ఏడాది కోల్ట్ తన పాత మోడల్‌ను మళ్ళీ మొదలుపెట్టినప్పుడు ధర 125 డాలర్లు. పాతికేళ్ళ కిందట చేయితిరిగిన గన్‌స్మిత్‌లు రోజుల తరబడి కూర్చుని చేసిన మార్పులు ఇప్పుడు కోల్ట్ కన్నా తక్కువ ధరకు అట్టపెట్టెలో దొరుకుతున్నాయి. ఈ రివాల్వర్ చరిత్ర పొడవునా జరిగింది ఇదే. ఒక తరం డబ్బు పోసి చేయించుకున్నది తర్వాతి తరానికి ఫ్యాక్టరీ నుంచే వస్తుంది.

అలాగని గన్‌స్మిత్‌లకు పని తప్పలేదు. తొలినాటి .357 బ్లాక్‌హాక్ ఫ్రేమ్ కోల్ట్ కొలతలకు దగ్గరగా ఉండేది. స్కీటర్ స్కెల్టన్ అనే రచయిత, టెక్సస్‌లో చట్టాన్ని కాపాడే ఉద్యోగాలు చేసినవాడు, వాటి సిలిండర్ గదులూ గొట్టమూ తొలిపించి .44 స్పెషల్‌గా మార్పించుకోవడం గురించి రాసి ఒక తరాన్ని అటు తిప్పాడు. పాత బ్లాక్‌హాక్‌ల కోసం సెకండ్ హ్యాండ్ దుకాణాలు వెతికే అలవాటు ఆయన పాఠకులకు అబ్బింది.

అయితే తొలి రూగర్లలో ఒక పాత లోపం అలాగే ఉండిపోయింది. స్ప్రింగులు మారాయి, ఉక్కు మారింది, కానీ నాలుగు చప్పుళ్ళూ ఆ బలహీనమైన మొదటి గాడీ కోల్ట్ నుంచి యథాతథంగా వచ్చాయి. ఆరు గదులూ నింపుకున్నవాళ్ళ చేతుల్లోంచి రివాల్వర్లు జారాయి. మనుషులు గాయపడ్డారు. కేసులు పడ్డాయి. 1973లో రూగర్ ‘న్యూ మోడల్’ తెచ్చాడు. అందులో ట్రాన్స్‌ఫర్ బార్ ఉంది. సగం లేచిన స్థితి లేదు. పక్క తలుపు తెరిస్తే చాలు, సిలిండర్ వదులవుతుంది. ఆరు గదులూ నింపుకోవచ్చు. చవక జేబు రివాల్వర్‌లో ఎప్పటినుంచో ఉన్న భద్రత పెద్ద రివాల్వర్‌కు రావడానికి ఏడు దశాబ్దాలు పట్టింది. చప్పుళ్ళు పోయాయని బాధపడేవారి మనసు అర్థమవుతుంది గానీ, మేలైనది కొత్తదే.

చవకదనానికి ఇంకో దారి ఇటలీ నుంచి వచ్చింది. ఆల్ప్స్ పర్వతాల కింద, బ్రెషా దగ్గర గార్డోన్ వాల్ ట్రోంపియా అనే లోయపట్టణం. బెరెట్టా కుటుంబం 1526లోనే తుపాకీ గొట్టాలు అమ్మిన రసీదు ఉన్న చోటు. 1950ల చివర్లో వాల్ ఫోర్గెట్ అనే అమెరికన్ వ్యాపారి అమెరికా అంతర్యుద్ధపు వందేళ్ళ పండుగ రాబోతోందని గ్రహించి, పాత కోల్ట్ నేవీ రివాల్వర్ల నకళ్ళ కోసం అక్కడికి వెళ్ళాడు. ఆ పని చేసినవారిలో ఆల్డో ఉబెర్టీ ఒకడు. 1959లో పెట్టిన ఉబెర్టీ కంపెనీ, ఆ వెనకే వచ్చిన పియెట్టా ఇప్పటికీ కోల్ట్ నకళ్ళకు పెద్ద పేర్లు.

ఇటలీ దర్శకుడు సెర్జియో లియోనే తీసిన కౌబాయ్ సినిమాల్లో కనిపించేవి చాలావరకు ఈ ఇటలీ నకళ్ళే. 1966 నాటి ‘ది గుడ్, ది బ్యాడ్ అండ్ ది అగ్లీ’లో క్లింట్ ఈస్ట్‌వుడ్ చేతిలో లోహపు తూటాలకు మార్చిన నేవీ రివాల్వర్ ఉంటుంది. కథ జరిగే అంతర్యుద్ధ కాలానికి అలాంటి మార్పు ఇంకా రాలేదు, అది 1870ల నాటిది. ఆ సినిమాల ఊపులోనే 1971లో కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో కృష్ణ ‘మోసగాళ్ళకు మోసగాడు’ వచ్చింది. ఆరుద్ర కథ రాశారు, రాజస్థాన్ ఎడారిలో తీశారు. తర్వాత చిరంజీవి ‘కొదమ సింహం’, మహేశ్‌బాబు ‘టక్కరి దొంగ’. తెలుగు ప్రేక్షకుడికి ఈ రివాల్వర్ రూపం కంటికి అలవాటైంది వీటితోనే.

అమెరికాలో ఆ ముచ్చట ఆటగా మారింది. 1980ల తొలినాళ్ళలో కాలిఫోర్నియాలో కొందరు పాత కాలపు దుస్తులు వేసుకుని, పాత మోడల్ తుపాకీలతో ఉక్కు పలకల్ని కొట్టే పోటీలు మొదలుపెట్టారు. 1987లో సింగిల్ యాక్షన్ షూటింగ్ సొసైటీ ఏర్పడింది. ఒక్కో ఆటగాడికి రెండు రివాల్వర్లు కావాలి. అసలు కోల్ట్‌లు కొనే స్తోమత ఎందరికుంటుంది? ఉబెర్టీ అమ్మకాలు పెరిగాయి. రూగర్ 1993లో ఈ ఆటగాళ్ళ కోసమే స్థిర సైట్లతో ‘వకేరో’ తెచ్చాడు. 2005లో దాన్ని కోల్ట్ కొలతకు కుదించారు.

అన్నిటికన్నా అడుగున ఉన్న మెట్టు .22. 1990లలో మయామీలో మొదలైన హెరిటేజ్ కంపెనీ ‘రఫ్ రైడర్’ అమెరికా దుకాణాల్లో 200 డాలర్ల లోపే దొరుకుతూ వచ్చింది. ఫ్రేమ్ జింక్ మిశ్రమం. పక్కన చేత్తో తిప్పే సేఫ్టీ మీట ఉంటుంది. దాన్ని చూసి పాతకాలపు అభిమానులు ముఖం చిట్లిస్తారు. 2019లో రూగర్ అల్యూమినియం ఫ్రేమ్‌తో, మెరుగు పెట్టకుండా సెరాకోట్ అనే రంగు పూతతో ‘ర్యాంగ్లర్’ తెచ్చి 249 డాలర్ల ధర పెట్టింది. అందులో ట్రాన్స్‌ఫర్ బార్ ఉంది. పాత సింగిల్ సిక్స్‌కు చేసిన పిడి చెక్కల్లో చాలావరకు దానికీ సరిపోతాయి. కొన్నవాడు చేసే మొదటి మార్పు తరచూ అదే. ఫ్యాక్టరీ ప్లాస్టిక్ పలకలు తీసి వాల్‌నట్ చెక్క వేసుకుంటాడు. ఈ రెంటిలో ఎంచుకోవాలంటే ర్యాంగ్లరే మేలు. యాభై డాలర్ల తేడా కనబడని చోట, ఫ్రేమ్ లోపల, ఖర్చయింది.

పిడి మార్చుకోవడం ఎవరైనా స్క్రూడ్రైవర్‌తో చేసుకోవచ్చు. కొద్దిపాటి ఖర్చుతో స్ప్రింగులు మార్పించుకోవచ్చు. మాస్టర్‌సన్ అడిగిన తేలికపాటి ట్రిగ్గర్ మాత్రం గన్‌స్మిత్ పని. హ్యామర్ గాడి వెంట్రుకవాసి అరిగినా హ్యామర్ దానంతటదే పడుతుంది. ఇంట్లో ఆకురాయి పట్టుకుని దాని మీద ప్రయోగాలు చేసినవాళ్ళ రివాల్వర్లు సెకండ్ హ్యాండ్ బల్లల మీద కనిపిస్తుంటాయి. అలాంటిది ఎంత చవకైనా కొనకూడదు.

భారతదేశంలో 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు లేనిదే ఇలాంటిదేదీ ఇంట్లో ఉంచుకోరాదు. అమెరికాలో ఉన్న తెలుగువారిలో ఎవరికైనా పాత రూగర్ సింగిల్ యాక్షన్ చేతికి వస్తే, ముందుగా ఫ్రేమ్ పక్క చూడాలి. అక్కడ మూడు స్క్రూలు కనిపిస్తే అది 1973కు ముందుది, రెండు పిన్నులుంటే న్యూ మోడల్. మూడు స్క్రూలదైతే ఐదే తూటాలు నింపి హ్యామర్ కింది గది ఖాళీగా ఉంచాలి, లేదా కంపెనీకి పంపాలి. పాత రివాల్వర్లకు ట్రాన్స్‌ఫర్ బార్ అమర్చే పనిని రూగర్ 1982 నుంచి ఉచితంగా చేస్తోంది. తీసేసిన అసలు భాగాలను కూడా రివాల్వర్‌తో పాటు యజమానికి తిరిగి పంపుతుంది.